కింది నుంచి మూడు దెబ్బలు

ఇంటి ముందు కారు దారికి పరిచిన కంకరను మేస్త్రి దిమ్మిస మిషన్‌తో అణచడం ముగించేసరికి చీకటి పడింది. టార్చి పట్టుకున్న భార్య ఆయన్ని మురిపెంగా చూసింది. ఎంత మిషన్ తిప్పినా, ఆయన చెవి ఒప్పుకుంటేనే పని అయినట్టు.

కింద ఎక్కడైనా డొల్ల మిగిలిందేమోనని ఆయన గునపంతో మూడుసార్లు తట్టి, నేలకు చెవి ఆనించాడు.

కింది నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. అదే బలం, అదే ఎడం.

"ఏమయ్యా, విన్నావా?" ఆమె టార్చి నేల మీదికి తిప్పింది.

"ఉష్! విననీ." మేస్త్రి ముఖంలో బెరుకు లేదు, మెచ్చుకోలు ఉంది. "ఎవడోగానీ చెయ్యి తిరిగిన పనోడే. మనం గట్టిగా అణిచామో లేదో అటునుంచి చూసుకుంటున్నాడు."

దెబ్బలు ఒక్కో అడుగే జరుగుతూ వచ్చి ఆమె కాళ్ల కింద ఆగాయి. అక్కడ నేల డొల్లగా పలికింది.

మేస్త్రి మెల్లగా తలెత్తాడు.

"తప్పు పట్టేశాడే. అక్కడ నేను తట్టి చూడలేదు. కదలకు."