చేతులెత్తకూడని చొక్కా

“నిన్న చర్చిలో ప్రార్థనకు చేతులెత్తినాడు మా ఆయన. రెండు చంకల కిందా పర్రున చినిగింది. పదారు వందల చొక్కా!” మగ్దలీనమ్మ తెల్లచొక్కాను గిద్దలూరు బట్టల షోరూం కౌంటరు మీద విసిరింది.

“అది స్లిమ్ ఫిట్ పెద్దమ్మా. చేతులు అంత పైకి ఎత్తకూడదు,” అంది సేల్స్‌లో పనిచేసే స్రవంతి.

“దేవునికి చేతులు సగమే ఎత్తాల్నా? మూడేండ్ల కిందట ఇక్కడే ఏడొందలకు కొన్న చొక్కా ఏసుకొని ఇప్పటికీ మిరప చేన్లో మందు కొడతాండాడు. ఒక్క కుట్టు ఊడలా.”

“ఇప్పుడు సరుకే ఇట్ల వస్తాంది.”

“సరుకు దిగజారింది గానీ రేటు దిగలేదే! మార్చి ఇయ్యి. అదో, ఆ పై అరలోది తియ్యి.”

స్రవంతి కదల్లేదు. కుడి మోచేతిని ఒంటికి అదిమిపెట్టుకొని నిలబడింది.

“నీకే చెప్పేది! చెయ్యెత్తేదానికి కూడా బద్ధకమా?”

స్రవంతి చెయ్యెత్తింది. యూనిఫాం చుడీదారు చంక కింద బెత్తెడు మేర కుట్టు విడిపోయి ఉంది. దాన్ని పట్టి ఉంచిన ఒక్క పిన్నీసూ ఊడి కిందపడింది.

“ఇదీ ఇక్కడి గుడ్డే పెద్దమ్మా,” అంది తల వంచుకొని.

మగ్దలీనమ్మ కౌంటరు చుట్టి లోపలికి వచ్చింది. తన మెడలో గొలుసుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, ఆ పిల్ల చంక కింద విడిపోయిన కుట్టుకు పెట్టింది.

తల తిప్పి చూసింది. అద్దాల వెంట కొత్త చొక్కాలు తొడిగిన బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నింటి చేతులూ కిందికే ఉన్నాయి.

“థూ!” అని, చినిగిన చొక్కాను ముందున్న బొమ్మ మొహాన కొట్టి బయటికి నడిచింది.