ఏదో తిరుగుతున్నాయి

“గట్టు మీదకి రాకక్కా. అక్కడే ఉండు.”

ప్రసన్నలక్ష్మి తడక దగ్గర అడ్డంగా నిలబడింది. మహాలక్ష్మి టిఫిన్ క్యారేజీతో ఆగిపోయింది. నాగాయలంక దాటాక ఉప్పుకాలవ పక్కన వరసగా రొయ్యల చెరువులు. ముందు ప్రసన్నలక్ష్మి వాళ్ళది, దాని వెనక మహాలక్ష్మి వాళ్ళది. చెరువు కౌలుకి తీసుకున్న దగ్గర్నుంచీ ఆమె ఈ గట్టు మీదుగానే మొగుడు కోటయ్యకి అన్నం తీసుకెళ్తోంది. ఎప్పుడూ ఎవరూ ఆపలేదు.

గట్టు మెత్తబడి కాలు జారుతోందని చెప్పింది ప్రసన్నలక్ష్మి. గట్టు మీద మట్టి ఎండి బీటలు వారి ఉంది.

“ఈ నెల్లాళ్ళలో ఇక్కడ అంత వాన పడిందా?” అంది మహాలక్ష్మి.

ప్రసన్నలక్ష్మి స్టూలు తెచ్చి వేసింది. ఐశ్వర్యకి పుట్టింది పాపట కదా, ఎవరి పోలిక, పాలు సరిపోతున్నాయా అని అడిగింది. కూతురి పురిటికని గుడివాడ వెళ్ళిన మహాలక్ష్మి నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది. వస్తున్నట్టు కోటయ్యకి కూడా చెప్పలేదు. అతను ఎప్పట్లాగే చెరువు దగ్గర షెడ్డులో పడుకున్నాడు. పొద్దున్నే ఇడ్లీ వేసుకుని ఇలా బయల్దేరింది.

పాప కబుర్లు అయ్యాక మామూలుగా అడిగినట్టే అడిగింది. “మీ చెరువెలా ఉందే?”

“బంగారంలా ఉందక్కా. రొయ్య చక్కగా ఎదిగింది. ఒక్కటి కూడా జబ్బు చేసి ఒడ్డుకి రాలేదు.”

మహాలక్ష్మి ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది.

పంట నీళ్ళలో ఉండగా బాగుందని ఈ వైపు ఎవరూ అనరు. రొయ్య బాగా పెరుగుతుంటే ‘ఏదో తిరుగుతున్నాయి’ అంటారు. ఇంకా బాగుంటే ‘చూడాలి’ అంటారు. మేత చాలడం లేదని విసుక్కుంటున్నాడంటే వాడి చెరువు పచ్చగా ఉన్నట్టు. పట్టిన రొయ్యలతో ఐసు లారీ రోడ్డెక్కాక గానీ ‘కలిసొచ్చింది’ అనే మాట నోటికి రాదు. కిందటేడు దుర్గాశ్రీనివాస్ తన చెరువు దివ్యంగా ఉందని టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాడు. ఆ వారంలోనే అతని చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి.

గుడివాడ నుంచి ఆమె రోజూ ఫోన్ చేసేది. కోటయ్య రోజూ ఒకే మాట చెప్పేవాడు, ఏదో తిరుగుతున్నాయని. ఆ మాట విన్నాక ఆమెకి హాయిగా నిద్ర పట్టేది. కిందటి పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. ఆ తర్వాత బందరులో రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళింది. ఐసునీళ్ళలో నాని వేళ్ళు పగిలి, అన్నం కలుపుకోవడానికి కూడా మంటపుట్టేది. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసి మళ్ళీ ఆ షెడ్డుకే.

ఆమె చుట్టూ చూసింది. తడక దగ్గర రోగం పాకకుండా కాళ్ళు ముంచుకోవడానికి తొట్టి పెట్టారు. అందులోంచి బ్లీచింగ్ వాసన ముక్కు పగలగొడుతోంది. చెరువు పైన కొంగలు దిగకుండా కొత్తగా తాళ్ళు కట్టారు. కోటయ్య వీళ్ళకిచ్చిన విసురువల కంచె బయట ముళ్ళ మీద పడేసి ఉంది. కాలవలో పోటు నిండుగా ఉన్నా మోటారు మాత్రం ఆగిపోయి ఉంది. చచ్చిన చెరువుకి కొత్త నీళ్ళు ఎందుకు తోడతారు?

ప్రసన్నలక్ష్మి మొగుడు కొండలరావు అవతలి గట్టు మీద ఫోన్ పట్టుకుని అటు తిరిగి మాట్లాడుతున్నాడు. గాలి ఇటే వీస్తోంది.

“ఇక్కడే ఉంది. గట్టెక్కనివ్వలేదులే. తొందరగా రా, నా వల్ల కాదు.”

మహాలక్ష్మి లేచి నిలబడింది. ప్రసన్నలక్ష్మి గబగబా ఎదురొచ్చి, బావగారు ఇటే వస్తున్నారు, ఇద్దరూ ఇక్కడే తిందురుగాని, టీ పెడతాను కూర్చోమంది.

“నీ టీ నాకొద్దు. మీ ఆయన్ని పిలు.”

కొండలరావు తొట్టిలో కాళ్ళు ముంచుకుని వచ్చాడు. కాస్త దూరంగానే నిలబడ్డాడు. ఎప్పుడొచ్చావు వదినా, పాపా తల్లీ క్షేమమేనా అన్నాడు గానీ ఆమె మొహంలోకి చూడలేదు.

“మనది ఒకటే కాలవ,” అంది మహాలక్ష్మి. మెల్లగా మాట్లాడింది. “రోగం వచ్చిందని ఒక్క మాట చెబితే మేం నీళ్ళు తోడకుండా ఉంటాం కదా. పోయిందాన్ని దాచిపెట్టి మా ఆయన నోట్లో మన్ను కొడతారా?”

“చెప్పకూడదని కాదు వదినా. చెప్పనని మాటిచ్చాను.”

“ఎవరికి? రొయ్యలు కొనేవాడికా?”

అతను తల దించుకుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంతసేపటికీ ఆ తువ్వాలు మొహం మీంచి తియ్యలేదు.

“బంగారంలా ఉందట,” మహాలక్ష్మి ప్రసన్నలక్ష్మి వైపు తిరిగింది. “సొంత అక్కలా చూసుకుంటావనుకున్నానే. షెడ్డులో నా చేతులు ఎలా అయిపోయాయో నువ్వే కదా కొబ్బరినూనె రాశావు. మళ్ళీ అక్కడికే పంపడానికి నీకు మనసెలా ఒప్పింది?”

ప్రసన్నలక్ష్మి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. మొగుడి వైపు చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె అది పట్టించుకోలేదు. దగ్గరికొచ్చి మహాలక్ష్మి చేతిలోంచి క్యారేజీ తీసి కింద పెట్టి, ఆ రెండు చేతులూ పట్టుకుంది.

“రోగం మీ చెరువుకి వచ్చిందక్కా.”