పుక్కిలింత

బడి గేటు తీయగానే ముసలాయన గబగబా లోపలికి వచ్చి, వరసగా ఉన్న ఎనిమిది కుళాయిలూ తిప్పేశాడు.

నీళ్లు ధారగా కాలవలోకి పోతున్నాయి.

"మళ్లీ మొదలెట్టావా తాతా? ఎవడబ్బ సొమ్మనుకున్నావు?" అన్నాడు వాచ్‌మన్.

"పావుగంట ఓపిక పట్టు బాబూ. కట్టేసి నా దారిన నేను పోతా."

కుళాయిల పైన గోడ మీద 'ప్రతి నీటి బొట్టూ ప్రాణమే' అని నీలం రంగులో పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. ఇదంతా సరిగ్గా వాటి కిందే.

ఆయనెవరో ఎవరికీ తెలియదు. ఎండైనా వానైనా ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉంటాడు. పిల్లలు కుళాయి తాత అని పేరు పెట్టారు. పెద్దలు అంత శ్రమ తీసుకోకుండా పిచ్చోడు అని సరిపెట్టారు.

వాచ్‌మన్ కూతురు రెండో తరగతి. నాన్నతో పాటే వచ్చేది కాబట్టి బడిలో అందరికంటే ముందు దాహం వేసేది ఆ పిల్లకే. గ్లాసు పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తేది.

"ఆగు తల్లీ," అని తాత చెయ్యి అడ్డం పెట్టేవాడు. "పొద్దున లేవగానే నోరు పుక్కిలించి ఉమ్మేస్తావా, మింగేస్తావా?"

"ఛీ! ఉమ్మేస్తా."

"పైపు కూడా రాత్రంతా నోరు మూసుకునే ఉంది. దాన్నీ పుక్కిలించనీ. తర్వాత తాగుదువుగాని."

పిల్ల పకపకా నవ్వేది. ఆగేది.

సంగతి హెడ్‌మిస్ట్రెస్ దాకా వెళ్లింది. ఆవిడ తాతను గదిలోకి పిలిపించింది. కూర్చోమని మాత్రం అనలేదు.

"ఏమిటండీ ఈ గోల?"

"పాత పైపులమ్మా. రాత్రంతా నిలిచిన నీళ్లు పిల్లలకు మంచివి కావు."

ఆవిడ వెనక గోడ చూపించింది. అక్కడ అద్దాల ఫ్రేములో సర్టిఫికెట్ ఉంది. ఈ నీరు తాగడానికి యోగ్యం అని రాసి, కింద ముద్ర కొట్టారు.

"ఏటా పరీక్ష చేసి మరీ ఇస్తున్నారు. వాళ్లకంటే మీకు ఎక్కువ తెలుసా?"

"వాళ్లు మధ్యాహ్నం వచ్చి నీళ్లు పట్టుకెళ్తారమ్మా. పొద్దున గేటు తీయగానే పట్టమనండి. ఒక్కసారి."

"ఇంతకీ మీరేం చదువుకున్నారు?"

తాత ఏదో చెప్పబోయి మింగేశాడు. తల దించుకుని బయటికి నడిచాడు.

"రేపటినుంచి ఈయన గేటు దాటి వచ్చాడో, నువ్వు గేటు బయట ఉంటావు," అంది ఆవిడ వాచ్‌మన్‌తో.

మర్నాడు వాచ్‌మన్ తాత రెక్క పట్టుకుని బయటికి నెట్టాడు. వారం రోజులు తాత గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"పోనీ నువ్వే తిప్పు నాయనా. పావుగంటే."

"నీకు పనీపాటా లేదు తాతా. నాకుంది."

ఎనిమిదో రోజు తాత రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు వాచ్‌మన్.

"నాన్నా, పైపు పుక్కిలించిందా?" అంది పిల్ల గ్లాసు పట్టుకుని.

"దానికేం అక్కర్లేదు. తాగు."

తాగింది. రోజూ తాగింది.

నీళ్ల మీటరు నెమ్మదించింది. ఏడాది తిరక్కుండా బడికి నీటి పొదుపు బహుమతి వచ్చింది. ఆ షీల్డును సర్టిఫికెట్ పక్కనే పెట్టుకుని అందరూ ఫొటో దిగారు.

ఆ ఏడాదే వాచ్‌మన్ కూతురికి వచ్చిన ఎక్కాలు రాకుండా పోయాయి. కడుపు నొప్పి అంటూ ముద్ద సగంలో వదిలేసేది. పేరు రాయమంటే రెండక్షరాలు రాసి, పెన్సిల్ వైపు చూస్తూ కూర్చునేది. శ్రద్ధ లేదంది టీచరు. వాచ్‌మన్ రెండు తగిలించాడు కూడా.

మూడో డాక్టరు రక్తం పరీక్ష చేయించాడు.

"ఒంట్లో సీసం చేరింది. ఈ పిల్ల ఎక్కడి నీళ్లు తాగుతోంది?"

ఈసారి నీళ్లు పరీక్ష చేసే ఆవిడ పొద్దున్నే వచ్చింది. గేటు తీయగానే ఒక బాటిల్ పట్టింది. పావుగంట నీళ్లు వదిలేసి ఇంకో బాటిల్ పట్టింది. నాలుగు రోజుల తర్వాత రిపోర్టు తెచ్చి హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టింది.

"మొదటిది విషం మేడమ్. రెండోది చాలా నయం. పైపుల్లో సీసం ఉంది, రాత్రంతా నిలిచిన నీళ్లలోకి దిగుతోంది. పైపులు మార్చాల్సిందే. కనీసం రోజూ పొద్దున ఓ పావుగంట వదిలేసి ఉన్నా ఇంత ముప్పు వచ్చేది కాదు. మీకెవరూ చెప్పలేదా?"

హెడ్‌మిస్ట్రెస్ రిపోర్టును బోర్లా తిప్పి పెట్టింది. గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్ తాతను నెట్టిన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మా పాపకు పోయిన చదువు తిరిగొస్తుందా అమ్మా?" అని అడిగాడు.

"ఇక మీద పోకుండా చూసుకోవచ్చు," అందావిడ మెల్లగా.

ఆ సాయంత్రం వాచ్‌మన్ తాతను వెతుక్కుంటూ బయల్దేరాడు. కాళ్ల మీద పడాలనుకున్నాడు. పెద్దవాళ్లెవరికీ తెలియని ఇల్లు పిల్లలు ఇట్టే చెప్పేశారు. మూడు వీధుల అవతల, పాత ఇనుప సామాను కొట్టు వెనక ఒంటి గది.

ఒక ముసలామె తలుపు తీసింది.

"ఆయన చాన్నాళ్లు మంచాన పడి పోయాడు. నాలుగు నెలలైంది. నువ్వెవరు బాబూ?"

"బడి వాచ్‌మన్ని అమ్మా."

లోపల నలభై ఏళ్ల మనిషి నేల మీద కూర్చుని పలక నిండా సున్నాలు చుడుతోంది. అతన్ని చూసి, మెచ్చుకోమన్నట్టు పలక ఎత్తి చూపించి నవ్వింది. తన కూతురు నవ్వే నవ్వు.

"మా అమ్మాయి," అంది ముసలామె. "మీ బళ్లోనే చదివింది. మూడో తరగతి దాకా."

వాచ్‌మన్ ఆ పలక వైపు మళ్లీ చూశాడు.

"పైపుల సంగతి తాతకు ఎలా తెలుసమ్మా?"

ఆమె కూతురి చెదిరిన జుట్టు సవరించింది.

"తెలియకేం బాబూ, ఆ పైపులు బిగించింది ఆయనే, పని పూర్తయిన రోజు మొదటి గ్లాసు పట్టి మురిసిపోతూ దీనికే తాగించాడు."