మిగతా నలభై వేలు

జిరాక్స్ మిషన్ ఆటోలోంచి దిగింది. పరమేష్ భార్య స్రవంతి పసుపు కుంకుమల పళ్లెంతో ఎదురొచ్చింది.

శామీర్‌పేటలో రోడ్డు పక్కన ఆ చిన్న మడిగె అద్దెకు తీసుకుని వారమే అయింది. మేడ్చల్‌లో కంపెనీ ఉద్యోగం మానేసి, చిట్టీ ఎత్తి మరీ పెడుతున్న దుకాణం. ఇది నడవకపోతే పరమేష్ మళ్లీ వెళ్లి ఆ కంపెనీ వాళ్ల కాళ్లే పట్టుకోవాలి.

స్రవంతి మిషన్ మూత మీద బొట్టు పెట్టింది. మూత ఎత్తి అద్దం మీద కూడా పెట్టబోయింది.

"అద్దం మీద పెట్టకు బిడ్డా. ప్రతి కాయితం మీద మచ్చ పడ్తది."

గడప బయట ఒక ముసలాయన. చేతిలో గుడ్డసంచి. బస్సు దిగి చాలా దూరం నడిచొచ్చినట్టు చెప్పుల నిండా దుమ్ము.

"జిరాక్స్ గావాల్నా పెద్దాయనా? ఇంకా షురూ చెయ్యలె," అన్నాడు పరమేష్.

"వద్దు. మిషన్ ఎంతకు కొన్నవ్?"

"ఎనభై వేలు. సుచిత్ర చౌరస్తాల జైపాల్ సేటు దుకాణంల. సెకండ్ హ్యాండే గానీ కొత్తదాని లెక్కనే ఉన్నది."

"పైసలన్నీ ఇచ్చినవా?"

"సగం ఇచ్చిన. మిగతా నలభై సాయంత్రం ఇస్త. అయినా నీకెందుకు?"

ముసలాయన లోపలికొచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. వంగి మీటరు చూశాడు. నలభై రెండు వేల కాపీలు అని చూపిస్తోంది.

"గీ బటన్ సూడు. మీదున్న గుర్తు అరిగిపోయింది. నలభై వేల కాపీలకు గిట్ల అరుగుతదా? ఇది ఎనిమిది లక్షలు కొట్టిన మిషన్. మీటరు ఎన్కకు తిప్పిన్రు."

పరమేష్‌కి చుర్రుమంది. పూజ చేసుకునే పూట ఈ అపశకునం మాటలేమిటి?

"కాపీకి ఎంత తీస్కుంటవ్?" అన్నాడు ముసలాయన.

"రెండు రూపాయలు."

"కాయితం అరవై పైసలు, పౌడరు ఇరవై. గింతేగా నీ లెక్క? డ్రమ్ము ఆరు వేలు. పౌడరును కాయితానికి అతికించే వేడి రోలరు ఐదు వేలు. మంచి మిషన్ల ఏడాది పైన వస్తయ్. దీంట్ల రెండు నెల్లు రావు. మెకానిక్ గడప తొక్కినప్పుడల్ల ఐదు వందలు. కొన్న ధర ఒక్కపారే ఇస్తవ్ బిడ్డా. నడిపే ధర రోజూ ఇయ్యాలె."

"మరేం జెయ్యమంటవ్ తాతా?" స్రవంతి అడిగింది.

"మిగతా నలభై వేలు పదిహేను దినాలు ఇయ్యకు. ఐదు వేల కాపీలు కొట్టి సూడు. ఆగిందనుకో, వాపస్ తీస్కపొమ్మను. పైసలు నీ చేతులున్నంత సేపే గాయన నీ మాట ఇంటడు."

"గంత గట్టిగ ఎట్ల చెప్తున్నవ్? అసలు నువ్వెవ్వరు?" అన్నాడు పరమేష్.

ముసలాయన సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

అంతే, పరమేష్‌కి సంగతంతా అర్థమైపోయింది. అర్థమైందనే అనుకున్నాడు పాపం. రోడ్డుకు అవతల వీరేందర్ జిరాక్స్ దుకాణం ఉంది. ఎదుటివాడు బాగుపడకూడదని వాడే పంపి ఉంటాడు.

"వీరేందర్ ఎంతిచ్చిండు నీకు? నడువ్ బయటికి!"

"నాకెవ్వరియ్యలె బిడ్డా..."

"నడువ్ అన్ననా!"

రెక్క పట్టుకుని మెట్టు దింపాడు. ముసలాయన తూలి, తమాయించుకుని నిలబడ్డాడు.

"పదిహేను దినాలే," అన్నాడు మళ్లీ. తర్వాత బస్సు స్టాపు వైపు నడిచాడు.

"పెద్దమనిషితోని గట్లనా మాట్లాడేది? ఒక్క వారమన్న ఆగుదాం," అంది స్రవంతి.

"నీకు తెల్వదు, ఊకో."

సాయంత్రం జైపాల్ వచ్చాడు. మిగతాది మొత్తం ఒకేసారి ఇస్తే రెండు వేలు తగ్గిస్తానన్నాడు. పరమేష్ అక్కడికక్కడే ముప్పై ఎనిమిది వేలు చేతిలో పెట్టాడు. రెండు వేలు మిగిలాయన్న సంబరంలో ఇంటికి కోవా కూడా పట్టుకెళ్లాడు.

పన్నెండో రోజు కాగితం ఇరుక్కుంది. పద్దెనిమిదో రోజు నల్లచారలు పడ్డాయి. డ్రమ్ము మార్చాడు. నెల తిరక్కుండా రోలరు పోయింది. మెకానిక్ వచ్చాడు, పోయాడు, మళ్లీ వచ్చాడు. గిరాకీ మాత్రం రోడ్డు దాటి వీరేందర్ దగ్గరికి వెళ్లిపోయింది.

మూడో నెల అద్దె కట్టాల్సిన రోజు స్రవంతి మెల్లగా అడిగింది.

"కంపెనీల మళ్ల తీస్కుంటరంటవా?"

పరమేష్‌కి ఏడుపొక్కటే తక్కువ. బండి తీసి నేరుగా సుచిత్రకు పోయాడు.

జైపాల్ దుకాణం ముందు మరో మిషన్ ఆటోకెక్కుతోంది.

"నా మిషన్ వాపస్ తీస్కో సేటూ. సగం పైసలన్న ఇయ్యి. మస్తు పరేషాన్ల ఉన్న."

"పైసలు మొత్తం ఇచ్చినంక వాపస్ ఏంది అన్నా? అప్పుడే సూస్కోవాలె."

చూసుకొమ్మని చెప్పడానికి దుకాణం వెతుక్కుంటూ వచ్చినవాణ్ని పరమేష్ తానే గెంటేశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"గీ మిషన్ యాడికి పోతాంది?"

ఆ గొంతు విని ఉలిక్కిపడ్డాడు. ఆటో డ్రైవర్ని అడుగుతున్నది ఆ ముసలాయనే.

"దుండిగల్, తాతా."

ముసలాయన సంచి చంకన పెట్టుకుని ఆటో ఎక్కబోయాడు. జైపాల్ ఒక్క ఉరుకున వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు.

"మళ్ల బయల్దేరినవా? కన్నకొడుకు నోట్లె మన్ను కొట్టెతందుకు ఇంకెన్ని ఊర్లు తిరుగుతవ్ నాయినా!"