గుర్రపుడెక్క అక్క పండుటాకు

ఈ కుంటలో విషాన్ని విరిచేసిన మొనగాణ్ణి నేనే. సరే, విరిచింది గుర్రపుడెక్క అక్క. నేను ఆమె ఆకు మీద కూర్చుని వెక్కిరించిన కప్పని.

ఆ రోజుల్లో గట్టు అవతల మనుషులు పాత బ్యాటరీలు పగలగొట్టేవాళ్లు. వాటిలోని సీసం నీళ్లలో కలిసి, జెల్ల చేప పిన్ని పిల్లలు పుట్టినవి పుట్టినట్టే పోయేవి. అక్క ఆ సీసాన్ని వేళ్లతో పీల్చుకునేది.

"సీసం కూడా వదలవా అక్కా? ఎంత తిండిపోతువి!" అనేవాణ్ణి.

"నవ్వు నాయనా. నా అడుగు ఆకు పండిన రోజు మాత్రం చెప్పు. నీటిపిల్లి బాబాయి నన్ను దూరంగా రాళ్ల గుంటలోకి ఈడ్చేస్తాడు. ఇక్కడే కుళ్లానంటే తిన్నదంతా మళ్లీ నీళ్లలోకే కక్కేస్తాను," అనేది.

ఒకరోజు పిన్ని గుడ్లు పెట్టడానికి వచ్చింది.

"ఒరేయ్, ఆకు పండిందా?"

"లేదు పిన్నీ, పచ్చగా ఉంది."

"ఏదీ, లే. చూస్తాను."

లేచాను. "అరె, ఇప్పుడే పండినట్టుంది!" అన్నాను.

ఆ సాయంత్రమే బాబాయి అక్కని ఈడ్చుకుపోయాడు. పోతూ కూడా నన్ను చూసి నవ్వింది.

ఇప్పుడు కుంట నిండా జెల్ల పిల్లలే. ఏ రాయి మీద కూర్చున్నా అక్క ఆకులా ఊగదు. ఇంతకీ ఆ ఆకు అప్పుడు పండలేదు, మూడు రోజుల ముందే పండింది. అక్క వెళ్లిపోతుందని, ఎవరికీ కనబడకుండా దాని మీదే కూర్చున్నాను.