కుమారస్వామికి ఎదురుకోలు

“మనోళ్లల్లనే ఎవడో పోలీసులకు చెప్పిండు!” వెంకట్రాజం పళ్లు కొరికాడు.

కాజీపేట స్టేషన్. నాగపూర్ దిక్కు నుంచి వచ్చే బండి ఇంకా సిగ్నల్ దగ్గరే ఉంది. ప్లాట్‌ఫాం మీద మాత్రం అప్పుడే పోలీసులు వరుసగా నిలబడ్డారు. వాళ్ల వెనకాల టీవీవాళ్లు కెమెరాలు సర్దుకుంటున్నారు.

ఆ బండిలో వస్తున్నది కుమారస్వామి. ఎర్రగుట్టపల్లి మాజీ సర్పంచి. ఊరి గుట్టను తవ్వనియ్యనని క్వారీ కాంట్రాక్టరుకు అడ్డం నిలబడితే, రాళ్లు పిండిచేసే క్రషర్ తగలబెట్టిండని కేసు పెట్టించారు. రెండుసార్లు కత్తులతో దారి కాశారు. అప్పుడు మహారాష్ట్రలోని చంద్రాపూర్ పోయి తలదాచుకున్నవాడు, ఇన్నేండ్లకు కోర్టు ముందు నిలబడతానని వస్తున్నాడు. కోర్టు గడప దాకా ప్రాణంతో చేరాలి. అతని అనుచరుడు వెంకట్రాజం దిగులంతా దాని గురించే.

అందుకే ఉపాయం పన్నాడు. కుమారస్వామి ప్లాట్‌ఫాం లేని పక్క దిగాలి. పట్టాలు దాటి యార్డు వెనకనుంచి బయటపడి, ఆటో ఎక్కి, మరునాటి పొద్దటిదాకా ఒక దోస్తు ఇంట్లో ఉండాలి. దారి చూపించేది రైల్వేలో పనిచేసే విన్సెంట్. ఈ సంగతి వాళ్లిద్దరికీ, కుమారస్వామికీ, అతని భార్య పద్మలతకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

వెంకట్రాజం విన్సెంట్ కాలరు పట్టుకున్నాడు. “సర్కారు జీతం తినేటోన్ని నమ్ముడే నాది తప్పు. ఎంతకు అమ్మినవ్ రా అన్నను?”

“ప్రభువు సాక్షి అన్నా! నా పెండ్లానికి సుత చెప్పలే.”

“మరి ఈ కెమెరాలేంది?”

“పోలీసోళ్లు కదిలితె టీవోళ్లు ఎంబడి రారా? నన్నంటవు గని, వదినె ఎంబడి అంతమంది ఆడోళ్లు వచ్చిండ్రు. వాళ్లను అడుగు.”

పద్మలత బెంచీ మీద కూర్చుని ఉంది. పట్టుచీర కట్టింది. చుట్టూ ఊరి ఆడవాళ్లు, చేతుల్లో బంతిపూల దండలు.

“వదినె, సప్పుడు గాకుండ రమ్మంటె జాతరకు వచ్చినట్టు వచ్చిండ్రేంది?”

“ఇన్నేండ్లకు మీ అన్న వత్తాండు. నేను ముసుగేసుకుని రావాల్నా?”

“జర మెల్లగ మాట్లాడు వదినె!”

“ఎందుకు మెల్లగ?” అంది పద్మలత.

ఈమెతో అయ్యే పని కాదని వెంకట్రాజం పక్కకు జరిగి ఫోన్ చేశాడు. “అన్నా, ఈడ దిగకు. పోలీసులున్నరు. డోర్నకల్ దాక పో. నేను ఎనుక బండ్ల వస్త.”

“పద్మ వచ్చిందా?” అన్నాడు కుమారస్వామి.

“వచ్చింది.”

“అయితె దిగుత.” ఫోన్ కట్టయింది.

బండి వచ్చి ఆగింది. కుమారస్వామి యార్డు పక్క కాదు, ప్లాట్‌ఫాం మీదే దిగాడు. వెంట్రుకలు తెల్లబడ్డాయి కానీ నడక అదే. పోలీసులు చుట్టుముట్టారు. ఒక కానిస్టేబులు ముఖానికి కప్పుకొమ్మని తువ్వాల ఇయ్యబోయాడు.

“ఎందుకు బిడ్డా? ముఖం దాసుకునే పని నేనేం చేసిన?” అన్నాడు కుమారస్వామి.

“కుమారన్నా!” అని ఒక ముసలమ్మ కేక పెట్టింది. “జిందాబాద్!” అన్నారు మిగతావాళ్లు. బండి కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. డ్యూటీ దిగి పోతున్న రైల్వేవాళ్లు ఆగి గొంతు కలిపారు. తిట్టుకుంటూ నిలబడ్డ వెంకట్రాజం పిడికిలి కూడా తనకు తెలియకుండానే పైకి లేచింది.

కెమెరాలు సి.ఐ. ముఖం మీదికి వచ్చాయి. “ఎక్కడికి తీసుకుపోతున్నరు సార్?”

“నేరుగ పోలీస్ స్టేషన్‌కు. ఇయ్యాల్నే కోర్టుల హాజరు పెడతం” అని సి.ఐ. అందరికీ వినపడేటట్టు చెప్పాడు.

పద్మలత దండ తీసుకుని ముందుకు నడిచింది. పోలీసులు దారి ఇచ్చారు. భర్త మెడలో దండ వేసి, కాలరు సరిచేసి, “బక్కగైనవ్” అంది. కుమారస్వామి నవ్వాడు. తల ఎత్తుకునే జీపెక్కాడు.

వెంకట్రాజం మళ్లీ విన్సెంట్ భుజం పట్టుకున్నాడు. “చెప్పినోడెవడో తేలేదాక నువ్వు యాడికి పోవు.”

ఇంతలో సి.ఐ. పద్మలత దగ్గరికి వచ్చాడు. “అరెస్టు సంగతి ఇంట్లవాళ్లకు చెప్పాలె అమ్మా, రూలు. మీ ఫోన్ నంబరు చెప్పుండ్రి.”

ఆమె చెబుతోంది. సి.ఐ. తన ఫోన్‌లో నొక్కుతున్నాడు. సగంలోనే అతని వేలు ఆగిపోయింది. మిగిలిన అంకెలు ఆమె చెప్పకముందే ఆ నంబరు మొత్తం ఫోన్‌లో కనబడింది.

“పొద్దుగాల నాకు ఫోన్ చేసి, ఈ బండ్ల వస్తాండని చెప్పింది మీరేనా?” అన్నాడు సి.ఐ.

వెంకట్రాజం చెయ్యి విన్సెంట్ భుజం మీదినుంచి జారిపోయింది.

“నేనే సారూ” అంది పద్మలత. “ఇంతమంది కండ్ల ముంగట ఆయనను ఎవడు ముట్టుకుంటడు? టీవోళ్లందరికి చెప్పినంకనే మీకు చెప్పిన.”