తారుమారైన ఫారం

మంత్రిగారు రిబ్బను విప్పి కొత్త పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే వెనక వరసలో కూర్చున్న బైండరు పేజీ తిప్పబోయి చటుక్కున ఆగాడు.

అతని ఒళ్ళోనూ అదే పుస్తకం ఉంది. రాజ్యం ఎలా ఏలాలో చెప్పిన ఓ పాత మహాగ్రంథానికి సులభ పరిచయం. రాసింది గైడ్ల మేష్టారు. ఎంత లావు గ్రంథాన్నయినా నమిలి, పిప్పి ఊసేసి, రసం మాత్రం జనానికి పోస్తారని ఆయనకి పేరు. కుట్టింది బైండరు. ఫారాలు, అంటే మడతేసిన పేజీల కట్టలు, మడిచింది పక్కన కూర్చున్న అతని భార్య.

"ఏమే, ఈ పేజీ చూడు."

ఆమె చూసింది. "పొదిగే పెట్టని కదిలించరాదు..." అని చదివి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కోళ్ళ పెంపకం పుస్తకంలో ఫారం వచ్చి ఇందులో పడింది. రెండూ ఒకే వారం కుట్టాం. అదే సైజు, అవే అక్షరాలు."

"ఈ ఒక్క దాంట్లోనేనేమో."

బైండరు ముందు వరసాయన భుజం మీదుగా తొంగి చూశాడు. అక్కడా పెట్ట పొదుగుతూనే ఉంది.

"మడిచింది నువ్వు," అన్నాడు.

"పేర్చింది నువ్వు," అంది.

ఒక్క పేజీ తప్పినా నా గడప తొక్కొద్దని మేష్టారు ముందే చెప్పారు. వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది మేష్టారి గైడ్లతోనే. ఇంకో ఆధారం లేదు.

"మంత్రిగారు తెరవరులే. ఏ మంత్రి తెరిచి చూశాడు గనక," అంది భార్య.

మంత్రిగారు తెరిచారు. పుస్తకం కూడా ఎవరో నేర్పినట్టు సరిగ్గా ఆ ఫారం దగ్గరే విచ్చుకుంది.

"వినండి," అంటూ ఆయన గొంతు సవరించుకున్నారు. "కోళ్ళను ఇరుకులో కుక్కితే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. మేత తగ్గిస్తే అరుపులు ఆగవు. ఆకలిగొన్న కోడి గుడ్డు పెట్టదు. పెట్టినా తానే పొడుచుకు తింటుంది."

వేదిక మీద మేష్టారు కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. బైండరు కాలితో కుర్చీ కింద చెప్పులు వెతుక్కున్నాడు.

"ఇక్కడ కోళ్ళంటే ఎవరు?" అని అడిగారు మంత్రిగారు.

ఆయనే వేలు జనం వైపు తిప్పారు.

"మనమేనయ్యా. ప్రజలు. గుడ్డంటే పన్ను. ఎన్ని వందల ఏళ్ళ కిందట ఎంత లోతుగా చెప్పాడో చూడండి ఆ మహానుభావుడు."

చప్పట్లకి పైకప్పు లేచిపోతుందనిపించింది. మంత్రిగారికి ఊపొచ్చింది. "ఇంకోటి వినండి. కొత్త పుంజుని పగలు గూట్లో వదలరాదు. చీకటి పడ్డాక మెల్లిగా తోసేస్తే, తెల్లారేసరికి మిగతావి దాన్ని పాతదే అనుకుంటాయి." ఆయన ఆగి నవ్వారు. "ఇది మా పార్టీని చూసి రాసినట్టుంది."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్దమనుషులు పెన్నులు తీసి ఆ వాక్యం కింద గీతలు గీసుకున్నారు.

సభ అయ్యాక మేష్టారు తిన్నగా బైండరు దగ్గరికే వచ్చారు.

"మేష్టారూ, పొరపాటు..."

"నోరెత్తకు," అన్నారు మేష్టారు మెల్లిగా. "మంత్రిగారు ప్రతి లైబ్రరీకీ కొనమన్నారు. ఆ కోళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో నేనడగను, నువ్వు చెప్పకు. ఇక మీదట నా ప్రతి గైడ్లోనూ ఉండాలి. ఒక్క కోడి తగ్గినా నా గడప తొక్కొద్దు."

మొగుడూ పెళ్ళాం నేల మీద కాలు ఆనకుండా ఇంటికి నడిచారు. సందు మలుపులో భార్య ఠక్కున ఆగింది.

"మరి మేష్టారి ఫారం ఎటు పోయినట్టు?"

బైండరు నవ్వు సగంలో ఆగింది. "కోళ్ళ పుస్తకంలోకి."

మంత్రిగారి తేదీ దొరక్క మేష్టారి పుస్తకం ఇన్నాళ్ళూ ఆగింది గానీ, కోళ్ళది ఎప్పుడో అమ్ముడుపోయింది.

ఇంటి వాకిట్లోనే ఉన్న వాళ్ళ బైండింగు కొట్టు ముందు ఓ బొద్దు మీసాలాయన నిలబడి ఉన్నాడు. చంకలో కోళ్ళ పుస్తకం. చేతిలో గుడ్డ కప్పిన బుట్ట.

"ఇది కుట్టింది మీరేనా?"

భార్య మొగుడి వెనక్కి జరిగింది. "పొరపాటైపోయింది బాబూ," అన్నాడు బైండరు. "కోళ్ళు చాలా పోయాయా?"

"పోవడమేంటి? పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశా. అధికారం ఒక్కడి చేతిలో ఉంచొద్దన్నాడు. పెద్ద పుంజుని కొన్నాళ్ళకి దింపేసి ఇంకోదాన్ని పెట్టా. ఏలేవాడు అందరి తర్వాత తినాలన్నాడు. పుంజులకి ఆఖర్న మేత వేశా. బలహీనుణ్ణి కాపాడ్డమే రాజ్యం అన్నాడు. కుంటి పెట్టకి వేరే తొట్టి పెట్టా. ఇప్పుడు పొడుచుకోవడాల్లేవు, అరుపుల్లేవు. గుడ్లకి బుట్టలు చాలట్లేదు."

"అందులో ప్రజలని రాసుంటుందే," అంది భార్య ఉండబట్టలేక.

"అవునమ్మా. కోళ్ళని అంత మర్యాదగా పిలిచినవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

గుడ్ల బుట్ట కొట్టు అరుగు మీద పెట్టి ఆయన నాలుగడుగులు వేశాడు. ఏదో గుర్తొచ్చి, తల గోక్కుంటూ వెనక్కి తిరిగాడు.

"రాసినాయన కనబడితే ఒక్క మాట అడుగుదురూ. ఈ పద్ధతులు మనుషులక్కూడా ఏమైనా పనికొస్తాయేమో."